చందా కట్టకుండా చట్టాలు, తీర్పులు ఎక్కడ వెతకాలి? దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: తాలూకా జూనియర్ (పల్నాడు జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్ న్యాయవాదిగా పని నేర్చుకుంటున్నాను. మా ఆఫీసులో ఏఐఆర్, ఏఎల్‌టీ వంటి తీర్పుల సంపుటాలు గోడ పొడవునా ఉన్నాయి గానీ, కొత్తవి కొనడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. పేరున్న ఆన్‌లైన్ డేటాబేసులకు ఏడాది చందా కట్టే స్తోమత నాకు లేదు, సీనియర్ గారికి వాటి అలవాటు లేదు. అందువల్ల పైసా ఖర్చు లేకుండా, లేదా చాలా కొద్ది ఖర్చుతో, చట్టాలనూ తీర్పులనూ నమ్మకంగా వెతుక్కునే మార్గాలు తెలుసుకోవాలని ఈ ప్రశ్న రాస్తున్నాను.

నేను అడుగుతున్నది వట్టి జాబితా కాదు. జాబితాలు కావలసినన్ని దొరికాయి. వాటిలో ఏది దేనికి పనికివస్తుందో, అందులో దొరికినదాన్ని కోర్టులో ఎంత ధైర్యంగా చదవవచ్చో మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్రస్తుతం నా చేతిలో ఉన్న పనినే ఉదాహరణగా చెబుతాను. పూర్వీకుల పొలంలో భాగం కోరుతూ ఒక ఆడపడుచు తరఫున విభజన దావా వేయాలి. ఆమె పెళ్ళి 1982లో జరిగింది, తండ్రి 2001లో కాలం చేశారు. తాము ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామని, అడంగల్‌లో ఎవరి పేరు వారికి ఎక్కిందని అన్నదమ్ములు అంటున్నారు. ఆఫీసులో ఉన్న పుస్తకం తీస్తే, మన రాష్ట్ర సవరణ ప్రకారం 1985కు ముందు పెళ్ళయిన కుమార్తెకు హక్కు లేదని ఉంది. నెట్‌లో వెతికితే మొదట కనిపించిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి. 2005 సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉంటేనే కుమార్తెకు ఆ హక్కు వస్తుందని అందులో ఉంది. ఈ రెండూ చదివినవారికి దావా వేయడమే దండగ అనిపిస్తుంది. బార్ రూములో మాత్రం ఆడపిల్లకు వాటా వచ్చి తీరుతుందని అందరూ అంటున్నారు. అందరూ అంటున్న ఆ మాటకు ఆధారం ఎక్కడ వెతకాలి? దొరికిన తీర్పు ఈ రోజుకు కూడా చెల్లుతోందని ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1: పుస్తకాల బీరువా

జూనియర్ గారికి నమస్కారం. నేను న్యాయ కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను కనుక, విద్యార్థులకు చెప్పే వరుసలోనే మీకూ చెబుతాను. మీరు తీర్పుతో మొదలుపెట్టారు. చట్టంతో మొదలుపెడితే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

కేంద్ర న్యాయ శాఖ నిర్వహించే ఇండియా కోడ్‌లో కేంద్ర చట్టాలన్నీ సవరణలతో సహా ఉచితంగా ఉంటాయి. అందులో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తెరిచి 6వ సెక్షన్ చదవండి. 2005లో వచ్చిన 39వ చట్టం ఆ సెక్షన్‌ను పూర్తిగా మార్చివేసిందని, ఆ మార్పు 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిందని పుట అడుగున చిన్న అక్షరాలలో ఉన్న గమనికే చెబుతుంది. మా విద్యార్థుల్లో చాలామంది ఆ అడుగు గమనికల మీదుగా దాటిపోతారు, కానీ ఏ పదం ఏ తేదీన చేరిందో, ఏది పోయిందో ఉండేది అక్కడే. అదే సెక్షన్‌లో 5వ ఉపసెక్షన్‌నూ దాని కింది వివరణనూ నిదానంగా చదవండి. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన విభజనలకు ఈ సవరణ వర్తించదని, విభజన అంటే రిజిస్టరు అయిన దస్తావేజు ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ జరిగినదేనని అక్కడ స్పష్టంగా ఉంది. మీ ప్రతివాదుల నోటిమాట పంపకానికి మొదటి జవాబు ఏ తీర్పూ తెరవకముందే మీకు దొరికినట్టు. ఆ తేదీనే ఎందుకు పెట్టారని జడ్జి గారు అడిగితే, సవరణ బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టినది ఆ రోజే కనుక అని చెప్పవచ్చు.

ఇక మీ పుస్తకంలో ఉన్నది తప్పు కాదు, పాతది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 1986 నాటి 13వ చట్టం హిందూ వారసత్వ చట్టంలో 29-ఏ సెక్షన్‌ను చేర్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయిన ఆ సెక్షన్ కుమార్తెకు పుట్టుకతోనే హక్కు ఇస్తూనే, ఆ తేదీకి ముందే పెళ్ళయినవారిని మినహాయించింది. కేంద్రం 2005లో చేసిన సవరణలో పెళ్ళి తేదీ అనే షరతే లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇండియా కోడ్‌లో కేంద్ర చట్టం తెరిచినంత మాత్రాన రాష్ట్ర సవరణ కూడా అందులోనే కనిపిస్తుందన్న భరోసా లేదు. రాష్ట్ర చట్టాల విభాగంలోకి వెళ్ళి, రాష్ట్రం పేరు ఎంచుకుని విడిగా వెతకాలి. తెలంగాణకు సంబంధించిన పని అయితే రాష్ట్ర విభజన తరవాత ఆ ప్రభుత్వం పాత చట్టాలను అన్వయించుకున్న సంగతి గుర్తుంచుకుని, చట్టం పేరును రెండు రాష్ట్రాల పేర్లతోనూ వెతకాలి.

ఆ తరవాత తీర్పులు. సుప్రీంకోర్టు తీర్పుల కోసం చాలామంది నేరుగా ఇండియన్ కానూన్‌కు వెళతారు, నేను మాత్రం మొదట ఈ-ఎస్‌సీఆర్ తెరవమంటాను. సుప్రీంకోర్టు తన అధికారిక నివేదికలైన సుప్రీం కోర్ట్ రిపోర్ట్స్‌ను 2023 జనవరి 2న ఈ పేరుతో ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. అప్పటికే అందులో సుమారు 34,000 తీర్పులు ఉన్నాయి. ఇందులోని అసలు లాభం హెడ్‌నోట్, అంటే తీర్పు మొదట్లో ఇచ్చే సారాంశం. ప్రైవేటు ప్రచురణకర్తలు డబ్బు తీసుకునేది ముఖ్యంగా దానికోసమే, ఇక్కడ కోర్టు సంపాదక విభాగం తయారుచేసిన హెడ్‌నోట్ తీర్పుతో పాటే వస్తుంది. ఏ పాత తీర్పులను ప్రస్తావించారో, వేటిని తోసిపుచ్చారో కూడా హెడ్‌నోట్ దగ్గరే చూసుకోవచ్చు.

ఇండియన్ కానూన్‌ను 2008లో సుశాంత్ సిన్హా ప్రారంభించారు. చట్టం తెలిసినవారి కన్నా వెతకడం తెలిసినవారికే అది ఎక్కువ ఉపయోగపడుతుంది. విభజన, కుమార్తె, వాటా అని ఊరికే టైపు చేస్తే వేల తీర్పులు వచ్చి మీద పడతాయి. కలిసి రావలసిన మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. రెండు మాటలూ తప్పనిసరిగా ఉండాలంటే వాటి మధ్య ఆండ్ అనే ఇంగ్లీషు మాటను పెద్ద అక్షరాలలో, చివరి డి రెండుసార్లు వచ్చేలా రాయాలి. ఆర్, నాట్ అనే మాటలకూ అదే పద్ధతి, చివరి అక్షరం రెండుసార్లు. ఒక్క డి మాత్రమే రాస్తే ఆ సైటు దాన్ని ఆజ్ఞగా తీసుకోదు. ఫలితాలు వచ్చాక కోర్టు పేరు, తేదీలతో వడకట్టండి. సెక్షన్ సంఖ్యను అన్ని రూపాల్లోనూ ప్రయత్నించండి, ఎందుకంటే ఒక తీర్పులో 29-ఏ అని గీతతో, మరొకదానిలో గీత లేకుండా రాసి ఉంటారు.

పేర్ల స్పెల్లింగ్ మనవారికి పెద్ద చిక్కు. మీ దావాకు పనికివచ్చే గండూరి కోటేశ్వరమ్మ వర్సెస్ చాకిరి యానాది కేసునే చూడండి. మన వైపు కోటేశ్వరమ్మ అని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎస్ తరవాత హెచ్ పెట్టేవారు తక్కువ, సుప్రీంకోర్టు తీర్పులో హెచ్ ఉంది. మనకు అలవాటైన స్పెల్లింగ్‌తో వెతికి, ఆ తీర్పే లేదనుకునే ప్రమాదం ఉంది. అనుమానం ఉన్నచోట అవతలి పక్షం పేరుతో వెతకండి.

జవాబు 2: కోర్టు మెట్లెక్కినవాడు (సంగారెడ్డి)

నేను న్యాయవాదిని కాను, మా కుటుంబ ఆస్తి కేసులో కక్షిదారును. ఈ చర్చ చదివే నాలాంటివారి కోసం రెండు మాటలు రాస్తాను. కేసు ఎక్కడి వరకు వచ్చిందో తెలుసుకోవడానికి ఈ-కోర్ట్స్ యాప్ చాలు. ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అని పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన సంఖ్య ఉంటుంది. దాన్ని ఒకసారి నమోదు చేసుకుంటే తరవాతి వాయిదా, అప్‌లోడ్ చేసిన ఉత్తర్వులు అన్నీ ఫోనులోనే కనిపిస్తాయి. ఇది కేసు నడక చూసుకోవడానికే తప్ప చట్టం తెలుసుకోవడానికి కాదని నాకు తెలుసు, అయినా ఉత్తర్వును సొంతంగా చదివి వకీలు గారిని ప్రశ్న అడగగలగడం చిన్న విషయమేమీ కాదు.

ఇంగ్లీషు అంతగా రానివారికి సుప్రీంకోర్టు తీర్పుల అనువాదాలు కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్‌ను సుప్రీంకోర్టు 2019 నవంబరులో ప్రవేశపెట్టింది. మా తెలంగాణ హైకోర్టులో 2023 జూన్‌లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక కుటుంబ ఆస్తి వివాదంలో తీర్పునే తెలుగులో ఇచ్చిందని చదివి చాలా సంతోషించాను. రాజ్యాంగం తెలుగు పాఠం కూడా కేంద్ర శాసన విభాగం సైటులో ఉచితంగా దొరుకుతుంది.

మరొక సంగతి. ఇంత కష్టపడి వెతకడం దేనికని నాకు అనిపిస్తోంది. ఈ మధ్య వచ్చిన కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను అడిగితే క్షణంలో పేర్లు, సంవత్సరాలు, సైటేషన్లతో (తీర్పు ఏ సంపుటంలో, ఏ పుటలో ఉందో చెప్పే గుర్తులతో) సహా తీర్పులు ఇస్తోంది. జూనియర్ గారు దాన్ని ఎందుకు వాడకూడదు?

జవాబు 3: పాత ప్లీడరు (ఒంగోలు)

సంగారెడ్డి మిత్రులకు మొదట సమాధానం చెప్పి, ఆపైన అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ఆ యంత్రం ఇచ్చే సైటేషన్ చూడటానికి నిజమైనదానిలాగే ఉంటుంది, అందులోనే ఇబ్బంది ఉంది. న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా అనే కేసులో న్యాయవాదులు చాట్‌బాట్ ఇచ్చిన తీర్పులను సరిచూసుకోకుండా దాఖలు చేశారు. అవి ఏ కోర్టూ ఎన్నడూ ఇవ్వనివని తేలడంతో, 2023 జూన్‌లో కోర్టు వారికి 5,000 డాలర్ల జరిమానా విధించింది. మన దగ్గర జరిమానా సంగతి పక్కన పెట్టినా, మొఫసిల్ కోర్టులో అవతలి సీనియర్ లేచి, ఈ తీర్పు ఎక్కడుందో చూపించండి అని అడిగిన తరవాత ఆ జూనియర్ మాటను జడ్జి గారు మళ్ళీ నమ్మడానికి చాలా కాలం పడుతుంది. వెతకడానికి ఏ మాటలు వాడాలో ఆలోచన రాకపోతే ఆ యంత్రాన్ని అడగండి, నాకు అభ్యంతరం లేదు. అది చెప్పిన పేరు ఈ-ఎస్‌సీఆర్‌లోనో హైకోర్టు సైటులోనో కళ్ళతో చూడనంతవరకు నోట్సులో కూడా రాసుకోవద్దు.

అమ్మా, మీరు అడిగిన రెండో ప్రశ్నే అసలైనది. తీర్పు పాఠం ఈ రోజుల్లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. పెద్ద డేటాబేసులకు కట్టే డబ్బులో ఎక్కువ భాగం, ఈ తీర్పు ఇంకా నిలిచి ఉందా అన్న ఒక్క ప్రశ్నకు త్వరగా జవాబు రావడానికే. ఆ పనిని ఓపిక ఉంటే చేత్తో చేసుకోవచ్చు.

ఇండియన్ కానూన్‌లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి, అంటే సుప్రీం కోర్ట్ కేసెస్ అనే ప్రైవేటు సంపుటాల్లో (2016) 2 ఎస్‌సీసీ 36, తెరవండి. తీర్పు పైభాగంలో ఇది ప్రస్తావించిన తీర్పులు, దీన్ని ప్రస్తావించిన తీర్పులు అని రెండు లింకులు ఉంటాయి. మీకు కావలసినది రెండోది. దాన్ని నొక్కి, సుప్రీంకోర్టుకు పరిమితం చేసి, కొత్తవి ముందు వచ్చేలా పేర్చుకుని ఒక్కొక్కటే చూడండి. 2018లో వచ్చిన దానమ్మ వర్సెస్ అమర్ తీర్పు దీనికి భిన్నమైన దారిలో వెళ్ళిందని తెలుస్తుంది. ఇద్దరు న్యాయమూర్తులు ఒకలా, మరో ఇద్దరు ఇంకోలా చెప్పినప్పుడు ముగ్గురి ధర్మాసనం కోసం వెతకాలని మా రోజుల్లో సీనియర్లు నేర్పేవారు. అలా వెతికితే 2020 ఆగస్టు 11 నాటి వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ, (2020) 9 ఎస్‌సీసీ 1, దొరుకుతుంది. కుమార్తె హక్కు పుట్టుకతో వచ్చేది కనుక 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని చెబుతూ ఫూలవతి తీర్పును అందులో తోసిపుచ్చారు. నోటిమాట విభజన వాదాన్ని మామూలుగా అంగీకరించకూడదని, ప్రభుత్వ దస్తావేజుల మద్దతుతో నిర్వివాదంగా రుజువయిన అరుదైన సందర్భాలకే దాన్ని పరిమితం చేయాలని కూడా చెప్పారు. మీ ప్రతివాదులు అడంగల్ నకళ్ళు పట్టుకుని నిలబడేది ఇక్కడే కనుక, ఆ భాగాన్ని ఎవరో రాసిన సారాంశంలో కాకుండా తీర్పులోనే చదవండి. ఆ ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ గారే తరవాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. అది దావాకు పనికిరాదు గానీ, తీర్పు గుర్తుండటానికి పనికివస్తుంది.

ఒకప్పుడు వరుసగా చదివిన తీర్పు కూడా రాత్రికి రాత్రి పనికిరాకుండా పోవచ్చు. ఆరు నెలలు దాటితే స్టే దానంతట అదే పోతుందన్న 2018 నాటి ఏషియన్ రీసర్ఫేసింగ్ తీర్పును మా కోర్టులో చదవనివారు లేరు. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. కనుక తీర్పును దాఖలు చేసే రోజు ఉదయం మరొక్కసారి ఆ రెండో లింకు నొక్కి చూడటం అలవాటు చేసుకోండి.

క్రిమినల్ పని కూడా చేస్తుంటే ఇంకొక చిక్కు ఉంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. 482 అని టైపు చేస్తే పాత సీఆర్పీసీలో హైకోర్టు సహజాధికారాల తీర్పులు వస్తాయి, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అదే సంఖ్య ముందస్తు బెయిలుది. పాత 438 ఇప్పుడు 482 అయింది, పాత 482 ఇప్పుడు 528. సంఖ్యతో పాటు చట్టం పేరు కూడా చేర్చి వెతకకపోతే రెండూ కలగలిసిపోతాయి. పాత, కొత్త సెక్షన్లను పోల్చి చూసుకోవడానికి జాతీయ నేర గణాంక సంస్థ ఇచ్చిన సంకలన్ అనే యాప్ ఉచితం, నెట్ లేనిచోట కూడా పనిచేస్తుంది.

హైకోర్టు తీర్పుల విషయంలో కోర్టు పేరే మారుతూ వచ్చింది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, 1956 నవంబరు నుంచి హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, రాష్ట్ర విభజన తరవాత రెండు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు, 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఒకటి, హైదరాబాదులో ఒకటి. 2019కి ముందు తీర్పు కావాలంటే ఒకే పేరు ఎంచుకుని, లేదని వదిలేయకూడదు. ఈ-కోర్ట్స్ వారి తీర్పుల శోధన పోర్టల్‌లో మాటలతో వెతకవచ్చు, అక్కడ దొరికేది సంతకంతో ఉన్న పీడీఎఫ్. కోర్టుకు ఇచ్చే ప్రతి అక్కడి నుంచో ఈ-ఎస్‌సీఆర్ నుంచో తీసినదై ఉండాలని నా పట్టుదల. పాత తీర్పులను స్కాన్ చేసి అక్షరాలుగా మార్చినప్పుడు సంఖ్యలు తారుమారు కావడం మామూలే. పేరా సంఖ్యలు కూడా ఒక ప్రచురణకూ మరొకదానికీ తేడా పడతాయి. మీరు ఇచ్చిన ప్రతిలో ఉన్న పేరా సంఖ్యనే చదవండి, మరో పుస్తకంలోని సంఖ్యను కాదు.

తాలూకా జూనియర్

సార్, మీరు చెప్పిన దారిలో వెళ్ళి వినీతా శర్మ తీర్పును ఈ-ఎస్‌సీఆర్‌లో హెడ్‌నోట్‌తో సహా చదివాను. లైబ్రరీ గారు చెప్పిన కోటేశ్వరమ్మ తీర్పు కూడా దొరికింది. 1999లో వాటాలు తేల్చే ప్రాథమిక డిక్రీ వచ్చి, 2003లో దాన్ని సవరించిన దావాలో కూడా, తుది డిక్రీ ఇంకా కాలేదు కనుక 2005 సవరణ ప్రకారం కుమార్తెలకు వాటా ఇవ్వవచ్చని 2011లో చెప్పారు. ఇద్దరికీ ధన్యవాదాలు.

మరో రెండు సందేహాలు మిగిలాయి. మా సీనియర్ గారి పాత నోట్సులో ఏఎల్‌టీ, ఏఎల్‌డీ సైటేషన్లు మాత్రమే ఉన్నాయి, పార్టీల పేర్లు లేవు. ఆ సంపుటాలు మా దగ్గర లేవు. ఇలాంటివి ఉచితంగా ఎక్కడైనా దొరుకుతాయా? రెండోది, ఆ పొలంలో కొంత భాగం అసైన్డ్ భూమి అని ప్రతివాదులు ఇప్పుడు కొత్తగా అంటున్నారు. దానికి సంబంధించిన చట్టం, జీవోలు వెతకాలి. ఇంకో మాట కూడా అడగాలి. మా బార్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఎస్‌సీసీ సంపుటాలను స్కాన్ చేసి పెడుతున్నారు, అవి వాడుకోవచ్చా?

పుస్తకాల బీరువా

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. కోర్టు ఇచ్చిన తీర్పు పాఠాన్ని ఎవరైనా ప్రచురించుకోవచ్చు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో అందుకు మినహాయింపు ఉంది, కోర్టు నిషేధిస్తే తప్ప. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో, (2008) 1 ఎస్‌సీసీ 1, సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: తీర్పు పాఠం మీద ప్రచురణకర్తకు హక్కు లేదు, తన సంపాదకులు సొంత నైపుణ్యంతో చేర్చిన హెడ్‌నోట్ వంటివాటి మీద ఉంది. ఆ గ్రూపులో వస్తున్న స్కాన్లలో హెడ్‌నోట్లు కూడా ఉంటాయి కనుక వాటిని తీసుకోవద్దని నా సలహా. ఆ తీర్పులే ఈ-ఎస్‌సీఆర్‌లో సక్రమంగా దొరుకుతున్నప్పుడు, న్యాయవాదుల గ్రూపులోనే ఇలాంటి పంపకం జరగడం నాకు ఎబ్బెట్టుగా అనిపిస్తుంది.

ఏఎల్‌టీ, ఏఎల్‌డీ సైటేషన్ల విషయానికి వస్తే, మన హైకోర్టు పాత తీర్పులు చాలావాటికి ఇండియన్ కానూన్‌లో పైభాగాన సమాన సైటేషన్లు అని ఒక వరుస ఉంటుంది. సంవత్సరం, బ్రాకెట్లలో సంపుటం సంఖ్య, పత్రిక పేరు, పుట సంఖ్య అన్నీ అక్కడ మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాసి ఉంటాయి. నోట్సులో ఉన్నట్టు ఖాళీలతో టైపు చేస్తే దొరకకపోవచ్చు, ఖాళీలు తీసేసి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి చూడండి. అలా కూడా రాకపోతే, ఆ సైటేషన్‌ను ప్రస్తావించిన తరవాతి తీర్పు ఏదైనా దొరుకుతుందేమో చూడండి. దానిలో పార్టీల పేర్లు తప్పక ఉంటాయి, ఆ పేర్లతో అసలు తీర్పును పట్టుకోవచ్చు. ఏ దారీ లేనప్పుడు దగ్గరలోని న్యాయ కళాశాల గ్రంథాలయానికి గానీ, జిల్లా కేంద్రంలోని బార్ అసోసియేషన్ గ్రంథాలయానికి గానీ వెళ్ళడమే మంచిది. సంపుటం, పుట సంఖ్య తెలిసి ఉంటే ఏ లైబ్రేరియన్ అయినా నిమిషాల్లో తీసి ఇస్తారు. కొన్నిచోట్ల బార్ అసోసియేషన్లు ఉమ్మడిగా చందా కట్టి ఒక కంప్యూటర్‌లో డేటాబేసు పెడుతున్నాయి. మీ బార్‌లో అది లేకపోతే, పదిమంది జూనియర్లు కలిసి కార్యదర్శి గారిని అడగడానికి ఇది తగిన కారణమే.

అసైన్డ్ భూమికి 1977 నాటి 9వ చట్టం, అంటే అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం, ఇండియా కోడ్ రాష్ట్ర విభాగంలో చూడండి. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానికి ముఖ్యమైన సవరణ చేసింది కనుక పాత బేర్ యాక్టుతో (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకంతో) సరిపెట్టుకోకూడదు. ఆ సవరణ తెలంగాణకు వర్తించదు. సవరణ చట్టాన్ని రాష్ట్ర గెజిట్‌లో కూడా సరిచూసుకోండి, ఎందుకంటే సంకలనాల్లోకి సవరణలు చేరడం ఆలస్యమవుతూ ఉంటుంది. జీవోలకు ప్రభుత్వ జీవోఐఆర్ సైటు ఉంది. 2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం అందులో జీవోలు పెట్టడం ఆపివేసింది, 2024 ఆగస్టులో తిరిగి మొదలుపెట్టారు. ఆ మధ్య కాలపు జీవో అక్కడ కనిపించలేదంటే అలాంటి జీవో లేదని అర్థం కాదు. రాష్ట్ర ఈ-గెజిట్‌లో వెతకండి, అక్కడా లేకపోతే సమాచార హక్కు చట్టం కింద సంబంధిత శాఖను అడగండి.

మీ దావాలో వాదనకు పనికివచ్చే మరొక ఉచిత పత్రం ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ తెరవరు. 2000లో వచ్చిన లా కమిషన్ 174వ నివేదిక హిందూ స్త్రీల ఆస్తి హక్కుల గురించినదే. ఆంధ్రప్రదేశ్ 29-ఏ సెక్షన్‌ను, పక్క రాష్ట్రాల సవరణలను పక్కపక్కన పెట్టి అందులో చర్చించారు. 29-ఏ నుంచి 2005 సవరణ దాకా వచ్చిన దారి జడ్జి గారికి చూపాలంటే దానికి మించినది లేదు. లా కమిషన్ సైటులో నివేదికలన్నీ సంఖ్యల వరుసలో ఉంటాయి.

పాత ప్లీడరు (ఒంగోలు)

లైబ్రరీ గారు చెప్పినదానికి ఒక్క మాట చేర్చాలి. అమ్మా, మీ కక్షిదారు మహిళ కనుక 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఖర్చులు ఆమెకు భారం అనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టించండి, 15100కి ఫోను చేసినా వివరాలు చెబుతారు. ప్లెయింట్‌లో, అంటే దావా పత్రంలో, మాత్రం పెళ్ళి తేదీ, తండ్రి మరణించిన తేదీ, రిజిస్టరు అయిన విభజన దస్తావేజు గానీ డిక్రీ గానీ ఏదీ లేదన్న సంగతి మూడూ విడివిడి పేరాలుగా రాయండి. ఆ మూడింటికీ ఒక్కొక్క తీర్పును అధికారిక ప్రతితో జతచేస్తే, అవతలివారు ఫూలవతి పట్టుకుని వచ్చిన రోజున మీరు కొత్తగా వెతుక్కోవలసిన పని ఉండదు.